బూడిదలో కుస్తీ

మా చెల్లెలి కూతురు సెల్‌ఫోన్‌లో కుస్తీ చూస్తుంది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల. కంచంలో అన్నం చల్లారిపోతున్నా ఫోను వదలదు. అందులో ఒకడు నల్లకోటు వేసుకుని ఏడుస్తుంటాడు, ఇంకొకడు వాణ్ణి కుర్చీతో బాదుతాడు, వారం తిరిగేసరికి ఇద్దరూ ప్రాణ స్నేహితులు. అంతా నాటకమే కదే అంటే దానికి ఒళ్ళు మంట.

"నాటకమని అందరికి తెలుసు పెద్దమ్మా. గిప్పుడు కథలు ఎంత మంచిగ రాస్తున్నరో చూడు. కుస్తీల కొత్త యుగం వచ్చిందంటున్నరు అందరు."

నేను కుట్టు మిషను తొక్కుతూనే ఉన్నాను. ఆ కొత్త యుగం మా ఊరికి ఒకసారి వచ్చిపోయిందనీ, దానికి కావలసిన చెడ్డీలు నేనే కుట్టాననీ దానికెప్పుడూ చెప్పలేదు.

మాది రాయచూరుకు దగ్గరలో, థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనబడేంత దూరంలో ఉన్న పల్లె. ప్లాంటు వచ్చి అప్పటికి కొన్నేళ్ళయింది. దండెం మీది బట్టలు దులపకుండా మడతపెడితే మడతల్లో బూడిద గీతలు పడేవి. నాయిన ఆ ప్లాంటులోనే కాంట్రాక్టు కూలి. బొగ్గు కాలిన బూడిద ఎక్కడైనా పూడుకుపోతే లోపలికి దిగి పారతో ఎత్తిపోసేవాళ్ళలో ఒకడు. ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. ఒళ్ళు కడుక్కుని తాలీంకు పోయేవాడు. తాలీం అంటే మావైపు కుస్తీ నేర్చుకునే చోటు. రేకుల కొట్టం, నడుమ ఎర్రమట్టి గుంట. ఆ మట్టిని జల్లెడ పట్టి, పసుపూ మజ్జిగా నూనే కలిపి, పసిబిడ్డ పక్కలా మెత్తగా చేసి ఉంచేవారు. ఆడవాళ్ళు లోపల అడుగుపెట్టకూడదు. నేను కిటికీ ఊచలు పట్టుకుని చూసేదాన్ని.

కుస్తీలో ఓటమి అంటే వీపు మట్టికి తగలడమే. నలభై దాటినా మా నాయిన వీపుకు మట్టి అంటించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. జాలహళ్ళి దాకా పోయి కుస్తీ పట్టి వచ్చినవాడు. అమ్మ పోయాక ఆయనకు మిగిలిన గర్వం అదొక్కటే. ఫలానా ఆయన బిడ్డనని చెప్పుకోవడం నాకూ బాగానే ఉండేది.

బూడిద పనికి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు సింధనూరు కాలువ కింద స్థిరపడిన కోస్తా కుటుంబంవాడు. ప్లాంటు కాలనీలో అప్పుడే కేబుల్ టీవీ వచ్చింది. అందులో తాళ్ళు కట్టిన గోదాలో కొట్టుకునే తెల్లదొరల కుస్తీ చూసి ఆయనకు బుర్ర తిరిగింది. ఒక రోజు మా ఇంటికే వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"పహిల్వాన్ గారూ, మీ కుస్తీ ఎవడు చూస్తాడండీ ఈ రోజుల్లో? ఇద్దరు మనుషులు అరగంట సేపు తలకాయలు ఆనించుకుని నిలబడతారు. జనానికి కథ కావాలండీ. మంచోడుండాలి, చెడ్డోడుండాలి, పగ ఉండాలి. మనం కొత్త యుగం తెద్దాం."

కథ ఆయనే అల్లాడు. మంచివాడి పేరు కరెంటు వీరుడు. ఆ వేషం ఇరవై రెండేళ్ళ కుర్రవాడిది, మా తాలీంవాడే, నాయిన చేత్తో పట్లు నేర్చుకున్నవాడే. చెడ్డవాడు బూడిద రాక్షసుడు. ఆ వేషం నాయినది. రాక్షసుడు చివర్లో వెల్లకిలా పడాలి. కాదనడానికి లేదు, ప్లాంటులోకి పనికి పోనిచ్చే గేటు పాసు కాంట్రాక్టరు చేతిలో ఉంది.

నాయిన రెండు రోజులు ముద్ద సరిగా మింగలేదు. మూడో రోజు మాత్రం ముఖం విప్పారించుకుని వచ్చాడు.

"ఎర్రమట్టి తెప్పియ్యడంట బిడ్డా. ప్లాంటు బూడిద పరిచి, పైన తాడిపత్రి పట్టా ఏస్తరంట. బూడిద మట్టి గాదు గద. పడ్డా గది లెక్కకు రాదు."

ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది. గౌరవం నిలుపుకోవడానికి మనిషి ఎంత ఇరుకు సందులోనైనా దూరతాడు. అప్పుడు మాత్రం నాకు ఆ మాట నిజంగానే న్యాయంగా తోచింది. ఊళ్ళో ఎవరిని అడిగినా అట్లాగే అనేవారేమో. మెరిసే శాటిన్ గుడ్డ తెచ్చి వీరుడికి చెడ్డీ కుట్టి, దాని మీద పసుపు గుడ్డతో మెరుపు అతికించాను. రాక్షసుడికి నల్లది కుట్టాను.

ఆట కాలనీ మైదానంలో. జనం విరగబడ్డారు. ఒళ్ళంతా బూడిద పూసుకుని నాయిన పళ్ళు కొరుకుతూ వస్తే పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. కాసేపు అటూ ఇటూ విసురుకున్నాక కుర్రవాడు ఆయనను భుజం మీదికి ఎత్తి కింద వేశాడు. తాడిపత్రి నాలుగు అంచుల నుంచీ బూడిద బుస్సున లేచింది. కాసేపటికి అది దిగితే, నాయిన చేతులు చాపుకుని వెల్లకిలా కనబడ్డాడు. మైదానమంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాయిన చాలా బాగా పడ్డాడు.

మర్నాడు తాలీం గుమ్మంలో ఉస్తాదు అడ్డంగా నిలబడ్డాడు. నాయినకు మీసాలు రాకముందు నుంచీ కుస్తీ నేర్పిన ముసలాయన. నాయిన తన లెక్క చెప్పుకున్నాడు, అది మట్టి కాదు బూడిద అని.

"మట్టో బూడిదో నాకెందుకు రా! నువ్వు నీ మర్జీతోని, కావాలని పడినవ్. గిప్పుడు నువ్వు గెల్చినా ఎవడు నమ్మాలె? ఓడినా ఎవడు నమ్మాలె? పో, ఇంటికి పో" అన్నాడు ఉస్తాదు.

నాయిన కిటికీ దగ్గరున్న నన్ను చూసి కూడా చూడనట్టే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజులు చెడ్డవి. ఆయన దారిన పోతుంటే పిల్లలు ఎదురుగా వచ్చి ధబాలున వెల్లకిలా పడి నవ్వేవారు. కాంట్రాక్టరు రెండో ఆట పెడదామన్నాడు, ఈసారి రాక్షసుడు పగ తీర్చుకుంటాడట. నాయిన రానన్నాడు. వారం లోపల గేటు పాసు పోయింది. రాయచూరు రైస్ మిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరాడు. బూడిద పని మానినా దగ్గు మాత్రం మానలేదు. దండీలు తియ్యడం, బస్కీలు కొట్టడం రెండూ ఆపేశాడు. నేను పలకరిస్తే ఊఁ అనేవాడు, అంతే. చెల్లెలు అమ్మమ్మ దగ్గర పెరుగుతుండేది. ఇంట్లో ఉన్న ఇద్దరమూ అట్లా ఉంటే గోడలు కూడా మీద పడేటట్టుండేవి.

ఒక రోజు నాయిన తానే పోయి ఉస్తాదు కాళ్ళ దగ్గర కూర్చున్నాడట. ఒక్క కుస్తీ పెట్టించమన్నాడు. ఆ కుర్రవాడితోనే, ఎర్రమట్టిలో, కథా గిథా లేకుండా. ఏరువాక పండుగ చేసుకునే కారు పున్నమి నాడు పెట్టిస్తానన్నాడు ఉస్తాదు. నాయిన మళ్ళీ తెల్లవారకముందే లేచి బస్కీలు మొదలుపెట్టాడు. దగ్గు వస్తే గోడ పట్టుకుని ఆగి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. వద్దు నాయినా అని ఏడ్చాను.

"ఓడిపోతనని భయమా నీకు? ఓడినా మంచిదే బిడ్డా. వాడు నన్ను నిజంగ పడేస్తే, పడ్డ అని నలుగురి ముందల ఒప్పుకుంట. నాకు ఏదో ఒకటి నిజం గావాలె" అన్నాడు.

విన్నాను. కానీ నమ్మలేదు. ఏ మగవాడైనా పోటీకి ముందు అట్లాగే అంటాడని అనుకున్నాను. నా కంటికి గోడ పట్టుకున్న ఆయన చెయ్యే కనబడింది. ఇంకొకసారి పడితే ఈ మనిషి నాకు దక్కడని రూఢి చేసుకున్నాను.

అందుకని కుర్రవాడి ఇంటికి పోయాను. వాడు బర్రెకు నీళ్ళు పెడుతున్నాడు. నేను అడిగింది విని చేతిలో బకెట్టు కింద పెట్టాడు.

"ఉస్తాదుకు తెలిస్తే నన్ను చంపుతడక్కా."

"ఎట్ల తెలుస్తది? మొన్న అంతమంది ముందల ఆడినవు గద. నీకు చాతనైతది" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "నీకు పట్లు నేర్పినోడు దగ్గి దగ్గి చస్తున్నడు. ఒక్కసారి పడితే నీ సొమ్మేం పోతది?"

వాడు బకెట్టు మళ్ళీ బర్రె ముందుకు జరిపి, "సరే అక్కా" అన్నాడు.

కారు పున్నమి నాడు తాలీం కిక్కిరిసింది. ఒకరి అరచేతిలో ఒకరు పిడికెడు మట్టి పెట్టుకుని దిగారు. నేను కిటికీ ఊచలు వదలలేదు. మొదట చాలాసేపు ఇద్దరూ తలలు ఆనించి నిలబడ్డారు. కాంట్రాక్టరు విసుక్కున్న కుస్తీ అదే. నాకు మాత్రం ఒక్కొక్క ఊపిరీ ఒక ఏడాదిలా గడిచింది. రెండుసార్లు నాయిన మోకాలి మీదికి వచ్చాడు, రెండుసార్లూ లేచాడు. ఆ తర్వాత ఒక్క పట్టుతో కుర్రవాడి నడుము దొరకబుచ్చుకుని తిప్పేశాడు. వాడి వీపు మట్టికి అంటింది. డప్పులు మోగాయి. ఎవరికీ రవ్వంత అనుమానం రాలేదు. ఉస్తాదు కళ్ళు తుడుచుకుంటూ నాయిన తలకు రుమాలు చుట్టాడు. నేను కూడా, చేసింది నేనే అన్న సంగతి మరిచిపోయి, సంతోషంతో ఏడ్చాను.

ఇంటికొచ్చాక నీళ్ళు కాచాను. నాయిన పెరట్లో బండ మీద కూర్చున్నాడు. ఛాతీకీ చేతులకూ ఎర్రమట్టి. రెండు చెంబులు పోశాక చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాడు నడుము ఇచ్చిండు" అన్నాడు. గొంతులో కోపం లేదు. "చూసేటోళ్ళకు తెల్వది. పట్టినోనికి తెలుస్తది. నువ్వు పోయినవా వాని దగ్గరికి?"

అబద్ధం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పోయినానన్నాను. నీ పానం కోసమే పోయినా నాయినా అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. చెంబు తానే తీసుకుని నీళ్ళు ముంచాడు, కానీ పోసుకోలేదు.

"ఓడుదునేమో బిడ్డా. గెలుద్దునేమో గూడ" అన్నాడు. "చచ్చేదాక నాకింక తెల్వది."