ఆముదం గిన్నె, అతుక్కున్న పేగులు

ముందే చెప్పేస్తాను, నా మాటలు ఉప్పు వేసిన పప్పు కావు, పప్పు వేసిన ఉప్పు. మా కుప్పం పక్క రాగిచేలో ఒక్క ఏనుగు దిగితే చాలు, నా నోటికి వచ్చేసరికి అది మంద అవుతుంది. ఇందులోనూ కల్పించింది ఒకటుంది, చివర ఒప్పుకుంటాను.

మా పాపకు ఏడేళ్లు. అపెండిక్స్ పగిలి కుప్పంలో ఆపరేషన్ అయింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు హెచ్చరించాడు. కడుపు కోసిన తర్వాత లోపల మానుతూ మానుతూ పేగులు ఒకదానికొకటి అతుక్కోవచ్చు, దారి మూసుకుపోవచ్చు. పచ్చగా వాంతయి కడుపు ఉబ్బితే ఆగొద్దన్నాడు. నేను తల ఊపిన ఊపుకు గోడమీది క్యాలెండరు కదిలింది.

కొన్ని నెలలకు పుంగనూరులో మా అత్తగారింట్లో పాప పచ్చగా కక్కింది.

"చెంచలాకు పప్పు తినింది కదప్పా! పచ్చగా కాకుండా ఎర్రగా వస్తాదా?" అంటూ మా అత్త అప్పటికే ఆముదం వెచ్చబెడుతోంది. ఆ ఇంట్లో కడుపునొప్పికి ఆముదమే మందు. మా మామ, ఆవుదూడ, నేను, ఎవరమూ తప్పించుకోలేదు.

పాప కడుపు చూశాను. పెళ్లి డోలంత ఉంది. ముట్టుకుంటే కేక పెట్టింది.

"అత్తా, ఆ గిన్నె దించు! దారి మూసుకోనుంటే అది యాడికి పోతాది?"

"యాల అట్ల అదరతావు? నా బిడ్డలందరికీ ఇదే పోసినా."

"నీ బిడ్డల కడుపులు ఎవురూ కొయ్యలేదు!"

ఆమె గిన్నె పొయ్యి మీంచి దించేసింది.

అత్తనూ ఎక్కించుకుని కారులో బయల్దేరాం. మదనపల్లె ఆసుపత్రికి పోయే దారిలో ప్రతి స్పీడ్ బ్రేకరూ హార్స్లీ హిల్స్ అంత ఎత్తు. నా భార్య ఒళ్లో పాప ముడుచుకుంది, ఉన్నట్టుండి ఏడుపు మానేసింది. ఏడిస్తే బాగుండుననిపించింది.

అతుకులు విడదీయాలన్నాడు అక్కడి సర్జను. సంతకం పెట్టే ముందు ఆయన గదిలో నేనొక్కణ్నే ఉండి అడిగాను, "మళ్లీ అతుక్కుంటే సార్?"

"పేగుల్ని వీలైనంత తక్కువ ముట్టుకుంటాం. ఎండనీకుండా తడిగా పెడతాం. పొడి లేని గ్లౌజులు వేసుకుంటాం, రక్తం మిగలకుండా కడుగుతాం. చివర పల్చటి పొర ఒకటి అడ్డంగా పరుస్తాం, అది తర్వాత దానంతటదే కరిగిపోతుంది."

థియేటరు తలుపు మూసుకుంది. బయట నా భార్య, అత్త.

"ఏమన్నాడు?" అంది నా భార్య.

"జన్మలో అతుక్కోవంట. గుండెమీద చెయ్యేసి చెప్పినాడు."

"నిజమేనా అప్పా?" అంది అత్త. ఆమె చేతులు ఇంకా ఆముదం వాసనే.

నా మాటను ఎప్పుడూ ఎగతాళి చేసే ఆ ఇద్దరూ ఆ రోజు నమ్మేశారు. నేను తలుపు వైపు తిరిగి నిలబడ్డాను.

ఆపరేషన్ బాగా జరిగింది. పాప సెలైన్ స్టాండు పట్టుకుని వార్డులో నడిచింది. పేగుల్లో దారి తెరుచుకుందనడానికి గుర్తుగా అందరం ఎదురుచూసిన గాలి కూడా వదిలింది, ఆ మోత టమాటా మార్కెట్టు దాకా వినిపించింది.

కల్పించింది ఆ మోత కాదు. 'జన్మలో' అన్న మాట. సర్జను నిజంగా అన్నది, "అతుక్కోవడం తగ్గించగలం గానీ మాటివ్వలేనప్పా" అని. ఆ సంగతి నా భార్యకు ఇంతవరకు చెప్పలేదు. పాప కంచం ముందు కాస్త మెల్లగా తిన్నా, నా ముద్ద కింద పెట్టి దాని కడుపు వైపు చూస్తాను.