పత్తికట్టె పొగలో ఎగిరేదెంత

శనివారం సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకి నా మనవరాలి కొలత కుదిరింది. గుంటూరులో, వాళ్ల కాలేజీ ప్రయోగశాలలో. గోడ గడియారం చూసి మరీ గుర్తుపెట్టుకున్నాను.

ఆ కొలత ఏమిటో ముందు చెప్పాలి. మా దర్శి వైపు పత్తి ఏరడం అయ్యాక కట్టె పీకి చేలోనే తగలబెడతాం. పక్కనే కల్లంలో మిరపకాయలు ఆరుతుంటాయి. ఆ పొగలోని విషాల్లో ఏది గాలిలో కలిసి ఎగిరిపోతుంది, ఏది మసికి అంటుకుని కాయల మీద వాలుతుంది అన్నదే ఆ పిల్ల చదువు. ఎగిరే గుణాన్ని ఆవిరి పీడనం అంటారట. మా చేలో పొగ పట్టి, అందులోంచి ఒకే పదార్థాన్ని తెల్లటి పొడిగా విడదీసింది. దాన్ని చిన్న ఉక్కు గిన్నెలో పెట్టి, మూతకి సూది మొనంత చిల్లు ఉంచి, గాలి తీసేసిన గొట్టంలో సన్నగా వేడి చేస్తుంది. పదార్థం ఆవిరై ఆ చిల్లులోంచి పోతుంటే గిన్నె బరువు తగ్గుతుంది. ఎంత త్వరగా తగ్గితే అంత ఎగిరే సరుకన్నమాట.

నా చిన్న కూతురి పెళ్లయ్యాక ప్రార్థన మందిరం వసారాలో అక్షరాలు దిద్దినదాన్ని నేను. ఇవన్నీ నీకెలా తెలుసని అడిగేవాళ్లకి ఒకటే జవాబు. అర్థమయ్యేదాకా అడుగుతాను, అంతే.

చిక్కేమిటంటే, ఏ రెండు కొలతలూ కలవడం లేదు. శనివారం ఐదింటికి ఆ యంత్రం ఇంకొకరికి అప్పగించాలి. ఈలోగా కుదరకపోతే వేరే విషయం ఎత్తుకోమని వాళ్ల మేడం తేల్చేశారు. అంటే పిల్ల ఇన్నాళ్లు మింగిన పొగంతా దండగే.

ఆ శనివారం పొద్దున్నే అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్లాను. కాలేజీ కదా అని క్రిస్మస్ చీర కట్టాను. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో పిల్ల ముక్కు ఎగబీల్చింది.

"అమ్మమ్మా, ఏంటీ కలరా ఉండల కంపు!"

"ట్రంకుపెట్టెలో చీర మల్లెపూల వాసన వచ్చిద్దా ఏందే? పురుగు కొట్టిన చీర కట్టుకు రమ్మంటావా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఈ వాసన బీరువాలో కూడా వస్తోంది" అంటూ పొడి సీసా ఉండే బీరువా తెరిచి, అర వెనక నుంచి ఒక గుడ్డ మూట లాగింది. నిండా కలరా ఉండలు.

అటెండరు సాయిబుగారు మురిసిపోయాడు. "నేనే పెట్టానమ్మా. బొద్దింకలు తిరుగుతున్నాయని."

"చంపేశారు భాయ్!"

"బొద్దింకల్నేగా?"

మా వైపు దాచుకోదగ్గది ఏదున్నా పక్కన నాలుగు కలరా ఉండలు పడేస్తాం. ఆయనా అదే చేశాడు. కానీ కలరా ఉండ కరిగి తడైనా కాకుండానే గాలిలో కలిసిపోయే సరుకు. సీసా మూత వదులు. ఆ ఆవిరి పొడిలో చేరింది. వేడి చేయగానే ముందు అదే ఎగిరిపోయి, గిన్నె బరువు గబగబా పడిపోయేది. ఇక కొలతలెలా కలుస్తాయి?

అదృష్టం, అదే పొడి కొంత మొదట్లోనే గాజు గొట్టంలో పోసి, మూతి మంట మీద కరిగించి అతికించి, మేడం గదిలో దాచి ఉంది. పిల్ల దాన్ని పగలగొట్టి మళ్లీ మొదలెట్టింది.

"ఆ చీరతో గుమ్మం దాటావంటే ఊరుకోను" అని నన్ను వరండాలోకి తోలింది. కిటికీ అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఒక కొలత అయింది. రెండోది అయ్యేదాకా నేను తెచ్చిన అన్నం ఎవరూ ముట్టలేదు.

మేడం రెండు కొలతలూ పక్కపక్కన పెట్టి చూశారు. పిల్ల కిటికీ తెరిచి అరిచింది.

"కలిశాయ్ అమ్మమ్మా!"

"ఓసినీ, గెలిచావే!" అని నేనూ అరిచాను. వరండా అంతా అదిరింది. నాకేం సిగ్గు?

"ఇక వేరే విషయం మాటే లేదు. పత్తికట్టె పొగే. రాసెయ్" అన్నారు మేడం.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం వీళ్లం: కొలిచిన నా మనవరాలు, ఒప్పుకున్న మేడం, మూట తీసుకెళ్లి చెత్తబుట్టలో పారేసి వచ్చిన సాయిబుగారు, యంత్రం కోసం కాచుకుని మాతోపాటు చప్పట్లు కొట్టిన నెల్లూరు అమ్మాయి, కిటికీ అవతల నేను.