ఒరిజినల్స్ ఉన్న బీరువా

నల్లగొండలో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో ప్రతి నర్సూ చేరిన రోజే తన ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో అప్పగించాలి. పదో తరగతి మెమో, డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి ఇస్తే, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మధ్యలో మానేసి వెళ్లకుండా అదొక కట్టడి. నేను చేరినప్పుడు అందులో తప్పేమీ తోచలేదు. తర్వాత నన్ను వార్డు ఇన్‌ఛార్జిని చేశాక, కొత్త పిల్లల దగ్గర నేనే ఫోల్డర్లు తీసుకునేదాన్ని. "ఇంట్ల కంటె గీడనే భద్రంగ ఉంటయి" అని ధైర్యం కూడా చెప్పేదాన్ని.

పాప పుట్టాక నైట్ డ్యూటీ అంటేనే గుండెదడ మొదలైంది. వార్డులో ఎవరి బిడ్డ ఏడ్చినా ఇంట్లో నా బిడ్డే ఏడుస్తున్నట్టుండేది. ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని చదివి ఎంట్రెన్స్ రాశాను. హైదరాబాద్‌లో సీటు వచ్చింది. శనివారం ఐదింటిలోగా ఒరిజినల్స్ ఇచ్చి చేరాలి. ఆ కబురు తెలిసింది సోమవారం.

మా అత్తమ్మ చీర నేతకు ఆసు చట్రం మీద నూలు పోస్తూ, చెయ్యి ఆపకుండానే అంది: "పో బిడ్డా. గిన్ని పోగుల చిక్కు దీసిన చేతులు, ఒక్క పోరిని సూస్కోలేవా?"

ఆఫీసులో మేనేజరు నా అర్జీ చదివి నవ్వాడు. "మూడు నెలల ముందు చెప్పాలె గద సిస్టర్. కొత్తోళ్లకు రూలు చెప్పేది మీరేనాయె."

"సీటు పోతది సార్."

"మీ జాగల ఒకల్ను పెట్టుండ్రి. వాళ్లయి లోపలికి రాంగనే మీయి బయటికొస్తయి."

మూడు రోజులు ఫోన్లు చేస్తే, జడ్చర్ల నుంచి మా కాలేజీ జూనియర్ ఒకమ్మాయి వస్తానంది. శుక్రవారం మధ్యాహ్నం నీలం రంగు ఫోల్డర్ గుండెకు హత్తుకుని దిగింది.

"ఒరిజినల్సే ఇయ్యాల్నా అక్కా? జిరాక్సులు సాలవా? వచ్చే ఏడు నేను గూడ ఎమ్మెస్సీ ఎంట్రెన్స్ రాద్దామనుకుంటున్న."

ఆమె ముఖం చూడలేకపోయాను. "గీడ భద్రంగ ఉంటయి" అన్నాను. ఎన్నోసార్లు అన్న మాటే, నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఆ పిల్ల మేనేజరు చూపిన కాగితం మీద సంతకం చేసి ఫోల్డర్ ఇచ్చేసింది.

మేనేజరు దాన్ని సొరుగులో పెట్టాడు. "బీరువా తాళంచెవి ఓనరు మేడంతోనే ఉంటది. ఆలంపూర్ పోయిన్రు, అమ్మవారి దర్శనానికి. రేపు పొద్దుగాల్నే వస్తరు, ఫికర్ జెయ్యకుండ్రి."

శనివారం పొద్దున్నుంచి ఆఫీసు ముందు బల్ల మీద కూర్చున్నాను. మేడం ఫోన్ కలవలేదు. హైదరాబాద్ కాలేజీకి ఫోన్ చేస్తే క్లర్కు, "ఒరిజినల్స్ లేనిది చేర్చుకోమమ్మా" అన్నాడు. ఒంటిగంట అయింది, రెండయింది. మూడు దాటాక బల్ల మీంచి లేచి గేటు వైపు చూడడం మానేశాను. ఇక చిట్యాల మీదుగా హైదరాబాద్‌కు ఏ బస్సెక్కినా ఐదింటికి చేరలేను.

నాలుగింటికి మేడం వచ్చారు. నా చేతిలో ప్రసాదం పెట్టి, బీరువా తీసి, నా ఫోల్డర్ నాకిచ్చి, నీలం ఫోల్డర్ లోపల పెట్టారు. సీటు పోయిందని చెప్పాను.

"అయ్యో, ముందుగాల చెప్పొద్దా?" అని నొచ్చుకున్నారు. తర్వాత, "మరి ఉంటవా, పోతవా? ఉండేటట్లయితే ఫోల్డర్ మల్ల లోపల పెట్టు."

ఆ పిల్లది తిరిగి ఇచ్చేయమన్నాను.

"సంతకం జేసింది గదా, ఎట్లిస్తం?" అన్నాడు మేనేజరు.

పైచదువు చేజారింది. పని కూడా వదిలితే ఇంట్లో ఏం చెప్పాలి? నా ఫోల్డర్ నా చేతిలో పది నిమిషాలు కూడా ఉండలేదు. మేడం దాన్ని నీలం ఫోల్డర్ మీదే పెట్టి తాళం వేశారు.

వార్డులోకి వెళ్తే ఆ పిల్ల ఎదురొచ్చింది. "పోలేదా అక్కా? ఈడనే ఉంటున్నవా?" అని నా చెయ్యి పట్టుకుంది. "మంచిగైంది. గీడ నాకు ఎవ్వలు తెల్వదని భయమైంది."

నా మరో చేతిలో మెత్తబడిపోయిన ప్రసాదాన్ని ఆమెకు పెట్టాను.