కారుకు విరేచనాల మందు

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ జబ్బుకైనా ఒకటే వైద్యం, కడుపు కడగడం. జ్వరమొచ్చినా, చదువు రాకపోయినా ఆముదం తాగించి, ఆ రోజంతా కదలకుండా పడుకోబెట్టి, సాయంత్రం చారన్నం పెట్టేవాళ్లు. ఈ శాస్త్రానికి పెద్ద మా జేజినాయన, అంటే నాయనకు నాయన. బళ్లారి బజారులో బట్టల అంగడి, ఇంటిముందు ఒక కారు, ఇవీ ఆయన ఆస్తులు. ఆ కారు వల్లే ఆయనకూ, తెక్కలకోటలో ఉండే చెల్లెలికీ మధ్య మాటలు ఆగిపోయాయి. కొన్న కొత్తలో ఆ అవ్వ దాని చుట్టూ తిరిగి చూసి, "ఈ డొక్కు మా ఊరి దాకా వస్తాదాన్నా?" అంది నవ్వుతూ. ఈయన నవ్వలేదు. "వస్తే దీంట్లోనే వస్తా. నువ్వు పిలిచినంక" అన్నాడు. పిలిస్తే వెళ్దామని ఈయన, పిలవకుండానే రావాలని ఆమె. ఏళ్లు గడిచిపోయాయి.

చివరికి, అవ్వకు బాగలేదు, చూడాలంటే తొందరగా రమ్మని కబురొచ్చింది. జేజినాయన కండువా వేసుకుని కారెక్కాడు. నేనప్పటికి కాలేజీ వదిలేసి అంగట్లో కూర్చుంటున్నాను (నాకు సరిగ్గా వచ్చిన విద్య కారు తోలడం ఒక్కటే). ముసలి కారు బజారు దాటకుండానే దగ్గి, ఆయాసపడి నిలబడిపోయింది. బస్సులో పోదామన్నాను. "దీంట్లోనే వస్తానని చెప్పినానప్పా" అన్నాడు. మోటారు సామాన్ల అంగడి సాయిబు ఇంజన్ చప్పుడు విని, "లోపలంతా మసి కట్టుండాది" అని ఒక సీసా చేతికిచ్చాడు. "ఇది పెట్రోల్లో పోసి, యాడా నిలపకుండా తోలప్పా. మసంతా కాలి బయటికొస్తాది."

పోశాను. తాళంచెవి తిప్పబోతే జేజినాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "కడుపు కడిగే మందు తాగినోణ్ణి ఎవురన్నా పరిగెత్తిస్తారేందిరా? ఈ పొద్దు దానికి రెస్టు."

"జేజినాయనా, ఆడ అవ్వ..."

"దోవలో పడిపోతే ఏం చేస్తావు?"

కారును ఇంటికి తోయించి, మీద కంబళి కప్పించాడు (చారన్నం ఒక్కటే పెట్టలేదు). పొద్దుగూకే దాకా దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అవ్వకేమన్నా అయితే ఈయన బతుకుతాడా అని నా భయం. ఇన్నేళ్ల తర్వాత ఏ మొహంతో నిలబడాలో తెలియక ఆయన కూడా భయపడ్డాడని, కంబళి కప్పింది ఆ భయానికేనని, ఇప్పుడనిపిస్తుంది.

మరునాడు బయలుదేరాం. ఊరు దాటగానే వెనక నల్లటి పొగ కమ్మింది. వెనకొచ్చే బండ్లవాళ్లు కన్నడంలో కొంత, తెలుగులో కొంత తిట్టారు. వరి పొలాల మధ్య జేజినాయన కారు ఆపించి, దిగి, పొగ గొట్టం ముందు వంగి, బాగా అయిందా లేదా అని పరీక్షగా చూశాడు. "ఇంగొంచెం తొక్కప్పా!" అన్నాడు. తొక్కాను. ఏళ్ల తరబడి పేరుకున్న మసి బుస్సుమని ఆయన మీదికొచ్చింది. మీసాలు, నెత్తి, తెల్ల పంచె, అన్నీ నలుపే. తుడుచుకున్న కొద్దీ ఇంకా పులుముకుంది. "ఇరలి బిడప్పా, ఉండనీలే, పద. దానికి బాగా అయింది" అన్నాడు తృప్తిగా.

తెక్కలకోటలో అవ్వ మంచానికి అంటుకుపోయి ఉంది. గడపలో నిలబడిన మనిషిని చూసి, "ఎవురప్పా నువ్వు?" అంది.

"నేనే అమ్మీ. కార్లోనే వచ్చినా."

ఆమె కళ్లు చిట్లించి చూసింది. "కార్లో వచ్చినావో, కారును మోసుకొచ్చినావో!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఈయన మంచం అంచున కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని భోరుమన్నాడు. ఆమె కొంగుతో ఆ మసి మొహం తుడిచింది.

కొన్నాళ్లకే మళ్లీ అదే దోవన వెళ్లాం. కారు ఎక్కడా దగ్గలేదు, పొగ లేదు. ఆ రోజు మాకు తొందర కూడా లేదు. జేజినాయన తెల్లటి పంచెతో దిగి గడపలో నిలబడ్డాడు. ఎవరప్పా నువ్వని అడిగే మనిషి లేదు.

ఇప్పుడు నాకు ఆయన వయసొచ్చింది. నా కారుక్కూడా అప్పుడప్పుడు అలాంటి సీసా పోస్తుంటాను. పోసిన వెంటనే తోలాలని బాగా తెలుసు. అయినా తాళంచెవి జేబులో వేసుకుని, దాని పక్కన కాసేపు కుర్చీ వేసుకుంటాను. "ఏంది తాతా, పోదామా లేదా?" అని మనవరాలు విసుక్కుంటుంది.

"ఉండమ్మా, ఇప్పుడే కదా తాగింది" అంటాను.