రెబ్కా వేలు పడలేదు

రెబ్కా బొటనవేలంటే ఏ మిషనుకీ గిట్టదు. ప్రత్తిపాడుకి రెండు మైళ్ళ దూరంలో ఉన్న వాళ్ళ ఊళ్ళో రేషన్ డీలరు ఖాజావలి, ఆమె వరసలో కనపడగానే "అదిగో, రెబ్కమ్మొచ్చింది. ఇక అందరూ కూర్చోండి" అంటాడు. ఆమె వేలు పెడుతుంది, మిషను కాదంటుంది. చీరకి తుడిచి పెడుతుంది, కాదంటుంది. తలకి రుద్ది కాస్త నూనె జిడ్డు అంటించి పెడుతుంది. ఐదారుసార్లకి దానికి జాలి పుడుతుంది.

ఇందులో రెబ్కా తప్పేమీ లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఎండుమిరపకాయల తొడిమలు తీసిన వేళ్ళవి. కాయని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి తొడిమ గిల్లాలి. పొద్దున్నే ఆటో ఎక్కి కోల్డ్ స్టోరేజీ షెడ్డులో పట్టా మీద కూర్చుంటే సాయంత్రం దాకా అదే పని. తేజా రకం కాయలైతే ఆ మంటకి ఇంటికొచ్చి మజ్జిగలో చేతులు ముంచుకోవాల్సిందే. వేళ్ళ మీది గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

అంతకు ముందు ఆ వేళ్ళు పెన్ను పట్టాయి. గుంటూరులో హాస్టల్లో ఉండి బీఏ రెండో ఏడు దాకా చదివింది రెబ్కా. హాస్టల్లో చేర్చిన రోజున వాళ్ళమ్మ సంతోషమ్మ దరఖాస్తు మీద వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని కొంగుకి తుడుచుకుంటూ, "నువ్వు మాత్రం ఎక్కడా వేలెయ్యబాకే అమ్మాయ్" అంది. ఆ తల్లికే పక్షవాతం వచ్చి మంచాన పడితే రెబ్కా పుస్తకాలు కట్టిపెట్టి ఊరికొచ్చింది. తర్వాత అంకయ్యతో పెళ్ళి, పిల్లలు, మిరపకాయలు. చదువు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మూడేళ్ళ కిందట కూలీల వివరాలు రాసుకోవడానికి ఒకాయన షెడ్డుకి వచ్చాడు. ముఠా మేస్త్రి వెంకటరావమ్మ అందరి తరఫునా తనే జవాబు చెప్పేసింది. "మా వాళ్ళకి చదువులెక్కడియ్యండీ, అందరియ్యీ వేలిముద్రలే." ఆయన సిరా డబ్బీ మూత తీసి రెబ్కా ముందుకి జరిపాడు. రెబ్కాకి ఒళ్ళు మండింది. డబ్బీని వెనక్కి నెట్టి, ఆయన జేబులో పెన్ను అడిగి తీసుకుని, పేరంతా పూర్తిగా రాసి సంతకం పెట్టింది.

"అబ్బో! బీఏ ఫెయిలమ్మా!" అంది వెంకటరావమ్మ. షెడ్డంతా పగలబడి నవ్వింది.

"ఫెయిలవలేదక్కా, ఆపేశా. రెండూ ఒకటి కాదు" అంది రెబ్కా.

మర్నాడే గుంటూరు బస్సెక్కి దూరవిద్యలో చేరడానికి వెళ్ళింది. పాత మార్కులు చెల్లవు, మళ్ళీ మొదటి ఏడు నుంచీ చదవాలన్నారు. సరే, మొదటి నుంచే చదువుతానంది. ఊరు ఊరుకుంటుందా? నలభై ఏడేళ్ళకి బీఏ ఏంటని ముక్కున వేలేసుకుంది. చదువుకోవడానికి ఈడు ఉండాలట. అదే మిరప తొడిమలు తీయడానికైతే ఏ ఈడైనా ఫర్వాలేదట! రెబ్కా ఎవరి మాటా చెవిన పెట్టలేదు. మధ్యాహ్నం అన్నాలప్పుడు అందరూ కాస్త నడుం వాల్చితే తను గోడకి ఆనుకుని పుస్తకం తెరిచేది. రెండేళ్ళు గట్టెక్కింది.

ఆఖరి ఏడు పరీక్షలకి కొత్త రూలొచ్చింది. వేలిముద్ర పడితేనే హాల్లోకి పంపుతారట. హాల్‌టికెట్టు మీద ఆ ముక్క చదివి రెబ్కా తన బొటనవేలి వంక చూసుకుంది. పని మానేస్తే చర్మం మీద మళ్ళీ గీతలు తేలతాయని ఖాజావలి చెప్పాడు. పదిహేను రోజులు పనికి రానని మేస్త్రికి చెప్పేసింది.

"సీజన్లోనా? నీ చోట్లో ఇంకోదాన్ని కూర్చోబెడతా, చూసుకో" అంది వెంకటరావమ్మ.

"కూర్చోబెట్టుకో అక్కా. పరీక్షలో నా చోటు ఎవరికీ ఇవ్వను" అని వచ్చేసింది.

పూటకోసారి వేళ్ళకి కొబ్బరినూనె పట్టించింది. కారం డబ్బా ముట్టలేదు. వంట అంకయ్యే చేశాడు. ఆ పదిహేను రోజుల కూరల సంగతి అడక్కపోవడమే మంచిది. పరీక్ష ముందురోజు ఖాజావలి మిషను మీద వేలు పెట్టి చూస్తే నాలుగోసారికి పడింది. "ఇక నీకు తిరుగులేదు పో!" అన్నాడతను. ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

పరీక్ష రోజున గేటు దగ్గర మిషను పెట్టుకుని కూర్చున్న కుర్ర గుమాస్తా త్రినాథ్ ఆమెని చూసి, "పేరెంట్స్ బయటే ఉండాలి ఆంటీ" అన్నాడు. ఆమె హాల్‌టికెట్టు చూపించింది. పాపం, నాలిక కరుచుకున్నాడు. బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. మళ్ళీ ఎర్ర లైటు. తుడిచి, నూనె అంటించి, పది వేళ్ళూ పెట్టింది. ఖాజావలి మిషనుకి పుట్టిన జాలి ఈ మిషనుకి పుట్టలేదు. వెనకున్న పిల్లలంతా ఒక్కొక్కరే వేలు పెట్టి లోపలికి పోయారు. బెల్లు కొట్టారు.

సూపరింటెండెంటు లక్ష్మీకాంత్ వచ్చి చూసి పెదవి విరిచాడు. "రూలమ్మా. వేలు పడకుండా పంపిస్తే రేపు నా మెడకి చుట్టుకుంటుంది. వచ్చే ఏడాది రాసుకోండి."

"వచ్చే ఏడాదికి వేలు మొలుస్తుందా సార్?"

"అదంతా నాకు తెలియదమ్మా, పక్కకి తప్పుకోండి."

రెబ్కా తప్పుకుంది. తప్పుకుని, గేటు దాటి, నేరుగా హాలు గుమ్మం దాకా నడిచి, గుమ్మానికి అడ్డంగా, షెడ్డులో కూర్చున్నట్టే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇరవై ఆరేళ్ళు నేల మీదే పని చేశా సార్. నాకు బెంచీ అక్కర్లా. పేపరియ్యండి, ఇక్కడే రాస్తా."

"లేవండమ్మా, అందరూ చూస్తున్నారు!"

"చూడనియ్యండి. మా అమ్మకి సంతకం రాదు, వేలేసేది. నేనెక్కడా వేలెయ్యకూడదని చదివించింది. ఇప్పుడు సంతకమొచ్చిన మనిషిని పట్టుకుని వేలు లేదు పొమ్మంటే ఎట్టా పోతా? సరే, పోతా. కాయితం మీద రాసియ్యండి. మిరపకాయలు ఒలిచి వేళ్ళరిగిపోయాయి గనక ఈమెని పరీక్ష రాయనివ్వలేదని రాసి, కింద మీ సంతకం పెట్టండి. పక్కన నేనూ పెడతా."

రెండు చేతులూ ఆయన ముందుకి చాపింది. లక్ష్మీకాంత్ ఆ అరిగిన వేళ్ళ వంక చూశాడు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. వరండాలోకి పోయి ఎవరికో ఫోన్ చేశాడు. అవునండీ, కాదండీ, కూర్చుందండీ, లేవదండీ అని చాలాసేపు మాట్లాడి, చివరికి బీరువాలోంచి ఒక అచ్చు ఫారం తెచ్చాడు. మిషను పనిచేయనప్పుడు వాడే ఫారమట. ఇన్నాళ్ళూ దాని అవసరం పడలేదట.

రెబ్కా పేరూ నంబరూ నింపింది. ఆధార్ కార్డు పక్కన పెట్టింది. అట్టడుగున "సంతకం / వేలిముద్ర" అని అచ్చయి ఉంది. వేలిముద్ర అన్న మాట మీద ఒక గీత కొట్టింది. అది సరిపోదనిపించి ఇంకో గీత కొట్టింది. దాని పక్కన, తొందరపడకుండా, పూర్తి పేరుతో సంతకం పెట్టింది.

త్రినాథ్ ఆమెని బెంచీ దాకా తీసుకెళ్ళి ప్రశ్నపత్రం అందించాడు. "బెల్లు కొట్టి పాతిక నిమిషాలైంది ఆంటీ. అన్నీ రాయగలరా?"

"పొద్దస్తమానం తొడిమలు గిల్లిన చెయ్యి బాబూ ఇది. అదనపు కాయితాలు దగ్గర పెట్టుకో" అంది రెబ్కా, పెన్ను మూత తీస్తూ.