సంజీవమ్మ అడిగిన కుర్చీ

తొంభై తొమ్మిది ఎన్నికల రోజు, ఓటర్లను తీసుకుపోతున్న ట్రాక్టరు మీద ఎవరో నాటుబాంబులు వేశారు. ట్రాక్టరు కాలువలోకి పల్టీ కొట్టింది. అందులో ఓటుకు పోతున్న సంజీవమ్మ, పెద్దముడియం దగ్గరి పల్లెలో గొర్రెలు కాసుకునే మనిషి, దాని కింద పడింది.

ఆ రోజుల్లో మా వైపు దెబ్బలు తగిలినవాళ్లను ముందు ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లు కాదు, అందరూ పెద్దాయన అని పిలిచే పార్టీ నాయకుడి వాకిటికి తీసుకుపోయేవాళ్లు. కేసులో ఎవరిని ఇరికించాలో ఆయన తేల్చాలి. ఆ పేర్లు అప్పజెప్పినవాళ్లకే ప్రొద్దుటూరు పోయే జీపు. సంజీవమ్మను మంచం మీద మోసుకొచ్చి ఆ వాకిట్లో దించారు. పెద్దాయన మూడు పేర్లు చెప్పి, వాళ్లను చూశానని చెప్పమన్నాడు. అందులో ఒకడు ఎదుటి పార్టీ ఊళ్లో గొర్రెలు కాసే నాగప్ప.

“పొగ తప్ప నేనేం చూడ్లేదు సామీ,” అందామె.

జీపు ఆమెను వదిలేసి పోయింది. ఇది వైద్యమా, బేరమా?

భర్త చిన్నసుబ్బయ్య పులివెందుల వైపు నుంచి నాటువైద్యుణ్ణి పిలిపించి కట్టు కట్టించాడు. విరిగింది తుంటిలో తొడ ఎముక గుండు తిరిగే గిన్నె. పైకట్టుతో అది అతుకుతుందా? కాలు పొట్టిదైపోయింది. ఏళ్ల తరబడి కర్ర మీద ఒరుగుతూనే గొర్రెల వెనక తిరిగింది. మూడు పేర్లు చెప్పుంటే మూడో కాలు వచ్చేది కాదు గదా అని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు.

“నాకు కర్రొచ్చింది. నాగప్ప ఇంట్లో నాగప్ప మిగిలినాడు,” అనేది.

ప్రభుత్వ ఆరోగ్య కార్డు వచ్చాక ప్రొద్దుటూరులో డాక్టర్ హుమాయున్‌కు చూపించారు. గిన్నె వెనక గోడ కరిగిపోయిందనీ, ఎముక పేర్చకుండా కొత్త తుంటి పెడితే నిలవదనీ ఆయన చెప్పాడు.

“ఎవురి ఎముక పెడ్తారు సామీ?”

“నీదేనమ్మా. అరిగిన గుండును తీసేస్తాం కదా, దాన్నే ముక్కలు చేసి గోడ కడతాం.”

“అట్లయితే పెట్టు. బయటోళ్లదైతే యా పార్టీదని అడుగుతారు మావూర్లో.”

ఆపరేషన్ అయ్యాక, ఎముక అతికేదాకా ఆ కాలు మీద బరువు మోపలేదు. తర్వాత కర్ర వదిలేసింది. నేల మీద మాత్రం కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఇన్నేళ్లుగా జమ్మలమడుగు కోర్టులో నానుతున్న ఆ బాంబుల కేసులో సంజీవమ్మ సాక్ష్యం చెప్పాల్సిన వంతు అప్పుడే వచ్చింది. పెద్దాయన మళ్లీ పిలిపించి, కూర్చోమన్నాడు. ఆ వాకిట్లో గొర్రెలకాపరులు కూర్చునేది నేల మీదే.

“కింద కూసోగూడదన్న్యాడు సామీ డాక్టరు. కుర్చీ ఏపిచ్చు.”

పెద్దాయన లోపలికి సైగ చేశాడు. కాసేపటికి కుర్చీ వచ్చింది. ఆయనకు ఎదురుగా, ఆయనంత ఎత్తున కూర్చుని, అవే మూడు పేర్లు విన్నది. పొగ తప్ప ఏమీ చూడలేదని అప్పటి మాటే మళ్లీ చెప్పి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి వచ్చేసింది.

కోర్టులోనూ అదే చెప్పింది. ఆపరేషన్ సంగతి తెలిసి జడ్జి ఆమెకు కుర్చీ వేయమన్నాడు.

“వద్దులే సామీ,” అంది సంజీవమ్మ. “ఈడ నిలబడే చెప్తా.”