రెండుసార్లు చల్లారిన సూప్

అత్తయ్యకి కంటి ఆపరేషన్ అయ్యాక ఈ రోజు చివరి చెకప్. చూపు బాగా వచ్చిందని డాక్టర్ గారు చెప్పిన సంతోషంలో, చిలకలూరిపేట బస్సెక్కే ముందు ఆవిడని గుంటూరులో కొత్తగా పెట్టిన థాయ్ హోటల్‌కి తీసుకెళ్ళాను.

పొగలు కక్కుతూ సూప్ వచ్చింది. నేను స్పూను ముంచేలోపే అత్తయ్య కొంగు తల మీదకి లాక్కుని, కళ్ళు మూసుకుని, గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. ఇంట్లో అయితే మామూలే, కానీ హోటల్లో! డాక్టర్ గారి కోసం, నర్సుల కోసం, వండిన చేతుల కోసం, చివరికి కల్లంలో ఆరబోసిన మా మిరపకాయలు వానకి తడవనందుకు కూడా స్తోత్రాలు. పక్క టేబుళ్ళవాళ్ళు మావైపే చూస్తున్నారు. సిగ్గుతో నేనూ కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి ఒక కన్ను తెరిచి చూద్దును కదా, మాకు వడ్డిస్తున్న మిజోరం అమ్మాయి అన్నం ప్లేటు పట్టుకుని తల వంచుకుని నిలబడి ఉంది. నాకంటే ముందు ‘ఆమెన్’ అన్నది తనే.

“నువ్వూ ప్రభువుని నమ్ముకున్నావా అమ్మా?” అని అత్తయ్య ఆశ్చర్యపోయారు.

“అవును ఆంటీ. మా అమ్మ ప్రార్థన కూడా ఇంతే. సూప్ చల్లారేదాకా,” అని వచ్చీరాని తెలుగులో చెప్పి నవ్వి, మా సూప్ తీసుకెళ్ళి మళ్ళీ వేడి చేసి తెచ్చింది.

తెచ్చిన ఆ చేతిని అత్తయ్య వదల్లేదు. ఎక్కడో మిజోరంలో ఉన్న వాళ్ళమ్మ కోసం మళ్ళీ ప్రార్థన! ఈసారి నేను రెండు కళ్ళూ మూసుకున్నాను.

సూప్ మళ్ళీ చల్లారింది. అలాగే తాగాం, ఎంత బాగుందో!

మీ ఇంట్లో ఎవరి ప్రార్థనకి అన్నం చల్లారుతుందో చెప్పండి.